సున్నా కడుపుల గీత

మీ ఫోటోలు వద్దు, మీ లెక్కలు వద్దు,
డిస్కు లోపల ఏమున్నదో నాకు జెప్పనే వద్దు.
మీదున్న స్టిక్కర్ సదివి మోడల్ నంబరు జెప్పుండ్రి,
ఫర్మ్‌వేర్ వెర్షను, తిరిగిన గంటలు.
గంతే.

ఇట్ల అడుక్కుంట తిరిగిన ఆర్నెల్లు,
నయీంనగర్ నుంచి పరకాల దాక,
సంకల రూళ్ల నోట్‌బుక్కు.
కంపెనీవాడు మందైతె పంపిండు,
ఎవరికి పడతదో ఎవరికి పడదో
సీసా మీద రాయలే.

పరకాల మీసేవల కూసున్న స్వరూప
ఫోనుల ఒక్కొక్కటే పలికింది:
ఎస్సు, ఏడు, ఓ...
ఓ నా, సున్నానా?
"గుండ్రంగున్నదక్కా."
ఆ గుండ్రం కోసం రెండురోజులు ఆగిన.
అప్పట్నుంచి అందరికీ ఒకటే మాట:
సున్నా అయితె దాని కడుపుల గీత గీయుండ్రి.

మట్టెవాడ స్టూడియోల దస్తగిరి
పదకొండు డిస్కులు బల్ల మీద పరిచిండు,
ఎవరెవరి పెండ్లిళ్లో.
"ఇరవై అయిదువేల గంటలా!
నాకంటె ఎక్కువ మేల్కొన్నదిది" అని నవ్విండు.

కాజీపేటల ఒకాయన ఇయ్యనన్నడు.
నంబరిస్తె బ్యాంకుల పైసలు మాయమైతయట.
తప్పు పట్టలే.
నంబరు జెప్పి మునిగినోళ్లు
మా వాడకట్టుల్నే ముగ్గురున్నరు.

కొత్తవాడ దరీల సొసైటీల
చిలుమెక్కిన స్క్రూలు విప్పుతుంటె
చిందం ఓదెలు పక్కకొచ్చి కూసున్నడు.
"గిదంత ఎందుకు బిడ్డా?"
పైకి అన్నీ ఒక్కతీర్గనే ఉంటయి పెద్దయ్యా,
ఒకదాని మందు ఇంకోదానికి పోస్తె ఇటుకైతది.
ఆయన మగ్గం దిక్కు జూసిండు.
"ముడేసుడు అల్కనే.
ఏ పోగు తెగిందో దొరకవట్టుడుకే పొద్దువోతది."

నాలుగువందల వరుసలు నిండినయి.
ఒక వెర్షనుకు మాత్రం చివరి గడి ఖాళీ:
ఎన్ని గంటలకు ఆగుతదో.
ఆ వెర్షనువి ముప్పై ఒకటి, ఇంకా తిరుగుతనే ఉన్నయి.

ముసురుల మానుకోట బస్సు దిగి
భూక్యా తార్య వచ్చిండు, హాస్టల్ వార్డెను.
పాలకవర్ల చుట్టిన డిస్కు బల్ల మీద పెట్టి
"ఇది సచ్చింది మేడం.
పోరగాండ్ల హాజరంత ఇందుల్నే వోయింది.
సచ్చినదానిది గూడ రాసుకుంటరా?"

స్టిక్కర్ మీద వెర్షను అదే.
పెట్టిన తారీకు, ఆగిన తారీకు ఆయన డైరీల ఉన్నయి.
పగలు రాత్రి ఆన్ల ఉన్నదే గనుక
లెక్క వేళ్ల మీదనే అయింది:
మూడేండ్ల పదిరోజులు.

దస్తగిరికి ఫోను జేసిన.
ఆ మేల్కొన్నదాన్ని బంద్ చెయ్యి,
ఇంకో ఇరవై గంటలున్నదేమో.

ఆ రాత్రి స్టూడియోల
ఇన్వర్టర్ మీద నమ్మకం లేక
ప్లగ్గు ఊడకుంట చేత్తోని వట్టుకొని నిలవడ్డడు దస్తగిరి.
తెర మీద గీత పాకుతున్నది, చీమ తీరు.
ఆఖరి బస్సు పోగొట్టుకున్న తార్య,
తన డిస్కు ఎట్లా లేవదని తెల్సినోడు,
నా నోట్‌బుక్కు దగ్గరికి గుంజుకొని
ఖాళీ గడిల రాసిండు:
రెండు, ఆరు, అయిదు, రెండు, సున్నా.
ఆగి,
సున్నా కడుపుల గీత గీసిండు.