కాలదోషం

ఆ ఏడు పెన్నలో నీళ్లు లేవు.
ఇసుక ట్రాక్టర్లు తోడిపోయిన గుంతలో
మోకాలి లోతు ఊట దొరికితే
అందులోనే కూర్చోబెట్టి ముంచినారు మా నాయనను.
పాస్టరు దేవసహాయం కొత్త పేరు అడిగినాడు.
"కంబగిరి అనే పేరు మీదే గదయ్యా అప్పులిచ్చింది,
ఆ పేరుతోనే కొట్టెయ్యాల" అన్నాడు నాయన
మీసాల మీది ఇసుక తుడుచుకుంటా.
గట్టున నేను
ఆయన చెప్పులు, గడియారం, బీరువా తాళంచెవి పట్టుకొని.

మూడు రూపాయల వడ్డీ మా ఇల్లు.
మేడ మీద గది, మైదుకూరు రోడ్డు స్థలం,
నా బీకాం, అమ్మ ఏడురాళ్ల కమ్మలు,
అన్నీ ఎవరెవరి వేలిముద్రల మీదనో లేచినవే.
మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించాలని
పదేళ్లకే నాకు నేర్పించిన మనిషి
ట్రంకుపెట్టె దించి
నోట్లన్నీ మంచం మీద పరిచినాడు
వడియాలు ఆరేసినట్టు.

ఒక్కసారే కాల్చెయ్యొచ్చు గదా, అన్నాను.
"వాళ్ల చేతి గుర్తులురా అవి. వాళ్లకే చేరాల."

ఏప్రిల్ ఎండలో ప్రొద్దుటూరు సందు సందూ తిరిగినాడు.
పంక్చర్ల నబీరసూల్ నోటు అటూ ఇటూ తిప్పి
"ఓట్లకు నిలబడతాండావా సామీ?" అన్నాడు.
కాశింబీ తలుపే తియ్యలేదు
వసూలుకొచ్చినాడనుకొని.
ఓబుళమ్మ మాత్రం ఊరుకోలేదు.
"అసలుకు రెండింతలు కట్టినా గదప్పా,
మీ దేవునికి లెక్కలు రావా?"
మైదుకూరు రోడ్డు స్థలం అట్ల పోయింది.

బావ మా అక్కను పుట్టింటికి పంపడం మానేసినాడు.
చిన్నాయన తద్దినానికి పిలవలేదు.
అమ్మ వంటింట్లో దీపం ఆర్పలేదు.
"నీ దేవుడు నీకు, నా కమ్మలు నాకు" అంది.
సరే అన్నాడు నాయన.
ఆ సరేలో కోపం లేదు. దానికే ఏడ్చింది.

రాత్రిళ్లు ఆయనకూ నిద్ర లేదు, నేను చూసినాను.
ఖాళీ ట్రంకుపెట్టె మూత
తీసి, వేసి,
తీసి, వేసి.
గుడిలో సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ
ఈ ముక్క చెప్పరు.

ఒక ఆదివారం ప్రసంగంలో ఒంటె వచ్చింది, సూది బెజ్జం వచ్చింది.
నాకు తెలిసింది మండీలో శనక్కాయ మూటలు కుట్టే దబ్బనం.
దాంట్లో పురికొస దూర్చడానికే
ఎంగిలి చేసి, కొన పేని, ఒక కన్ను మూసి చూడాల.
నాయన తనను తాను అట్లనే పేనుకున్నాడు.
బెజ్జం దగ్గర విడిపోయి
బయటే ఆగిన పోగును నేను.

ఒక నోటు దాచినాను.
బ్యాండుమేళం సుంకన్నది, నలభై వేలు.
పాత అకౌంట్స్ పుస్తకంలో పెట్టినాను.
ఎందుకంటే చెప్పలేను.
ఏదో ఒకటి మనదని ఉండాల గదా.
ఏడేళ్లయింది. కాలదోషం పట్టింది,
ఏ కోర్టులోనూ చెల్లదు.

నాయన పోయినప్పుడు సుంకన్న పిలవకుండానే వచ్చినాడు.
సమాధుల దొడ్డి దాకా క్లారినెట్ ఊదుకుంటా నడిచి
డబ్బులియ్యబోతే
నా మొగం చూడకుండా వెళ్లిపోయినాడు.

మూడోనాడు ఖాతా పుస్తకం తెరిచినాను.
పేర్లన్నిటి మీదా అడ్డగీత.
సుంకన్న పేరు మీద మాత్రం లేదు.
పక్కన నాయన వంకర రాత,
'పిల్లోని దగ్గర ఉంది.'
తేదీ, నేను దాచిన మర్నాడిదే.
ఏడేళ్లలో ఒక్క మాటా అడగలేదు.

ఇప్పుడు బజార్లో నన్ను చూస్తే
సుంకన్న క్లారినెట్ సంచి చంకలో పెట్టుకొని
ఆ పక్కకు దాటిపోతాడు.
మా ఇంట్లో మిగిలిన ఆస్తి అదొక్కటే,
నన్ను చూసి రోడ్డు దాటే మనిషి.

ఈమధ్య నోటు చొక్కా జేబులోనే ఉంటోంది.
రోజూ ఇచ్చేద్దామనే బయల్దేరతాను.
నిన్న పిలిచినాను కూడా.
లారీ హారన్‌లో వినపడలేదు.
వినపడలేదనే అనుకున్నాను.
చెయ్యి జేబు మీదనే ఉంది,
చెమటకు స్టాంపు బిళ్ల రంగు
చొక్కాకు అంటుకుంటాంది.