పంతొమ్మిది రోజులు

నెల మొదటి వారం
కాశీబుగ్గ సందుల్లో నా సైకిలు బెల్లు వినపడితే
పిల్లలు లోపలికి పరిగెత్తి చెబుతారు:
"అమ్మా, పోస్టాఫీసు వచ్చింది."
మనిషిని కాను నేను, ఆఫీసునే.
సంచిలో యాభై మూడు పాసుపుస్తకాలు,
తెగి ముడేసిన రబ్బరు బ్యాండు.

అందులో ఒకదాన్ని మాత్రం
కళ్లు మూసుకుని తీయగలను, వాసనని బట్టి.
తవిటమ్మది.
అట్ట మీదా, లోపల ప్రతి నెల పక్కనా
నల్లటి వేలి మచ్చలు.
జీడిపిక్కలు ఒలిచే చెయ్యి.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
జీడి తోలులోకి దిగిపోతుంది.
రేషను కొట్టులో వేలిముద్రల మిషను
ఆమెని ఎరగనంటుంది.
ఈ పుస్తకం ఎరుగును.

నెలకి రెండు వందలు.
కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చేది,
నేను మళ్లీ లెక్కపెడితే కోపం.
ఒక నెల తప్పింది, మనవడికి జ్వరం.
పై నెల వందకి రూపాయి చొప్పున
రెండు రూపాయలు అపరాధమంటే
"జొరానికి కూడా జరిమానా ఏటమ్మా!" అని
అరుగు మీద కూర్చోబెట్టి గంట వాదించింది.
ఆ రెండూ నేనే వేశాను.
మరుసటి నెల నా చేతిలో పెట్టింది, మాటా పలుకూ లేకుండా.

ఎదురింటి రిటైరు మేష్టారు నవ్వేవారు:
"అయిదేళ్లకి వడ్డీ ఎంత? కందిపప్పు ధర చూశావా?
నీ డబ్బు ఒక మెట్టెక్కేలోగా
బజారు రెండెక్కుతుంది."
ఆయన లెక్క తప్పు కాదు.
నా దగ్గర జవాబు లేదు, కమీషను ఉంది.
తవిటమ్మే అంది:
"పెరగాలని ఏస్తన్నానేటి బావూ?
ఉండాలని ఏస్తన్నాను."

మూడో ఏడు శ్రావణంలో
ఫ్యాక్టరీలో కాటా మారింది.
పది కిలోలు ఒలిస్తే తొమ్మిదనేది.
అందరికీ తెలుసు. అందరూ తలొంచుకున్నారు.
సాయంత్రం బియ్యం సాయంత్రమే కొనే ఇంట్లో
మాట గొంతు దాకా వచ్చి
ఆగిపోతుంది.

తవిటమ్మ లేచి చేతులు తుడుచుకుంది.
"కాటా మార్చేదాకా నాను రాను."
అరవలేదట.
పక్క పీట దమయంతి చెప్పింది,
వంకాయల ధర అడిగినంత నెమ్మదిగా అందట.

మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చింది.
ఇరవై ఎనిమిది నెలల పుస్తకం.
దాని మీద అప్పు సగం వరకే ఇస్తారు.
రెండు వేల ఎనిమిది వందలు.
రాత్రి నాకు నిద్ర పట్టక లెక్కేశాను:
రోజుకి నూట నలభైతో సరిపెట్టుకుంటే
ఇరవై రోజులు.

ఇన్నేళ్లూ సందు సందుకీ
రోజులు మోసుకు తిరుగుతున్నాను కదా అనిపించింది,
పనికి పోకపోయినా తెల్లారే రోజులు.

ఆమె ఇంట్లోనే ఉంది.
మనవడికి తల దువ్వింది, ఎండలో కూర్చుంది.
గోళ్ల అంచున నలుపు కాస్త వెనక్కి తగ్గింది.
ఏడో రోజు దమయంతి మానేసింది. ఆమెకీ పుస్తకం ఉంది.
పన్నెండో రోజు మరిద్దరు.
పుస్తకం లేనివాళ్లు పనిలోకి వెళ్లారు,
వాళ్లనెవరూ ఒక్క మాట అనలేదు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం మేస్త్రి కబురు పంపాడు.
కాటా మారింది. పూర్తిగా కాదు,
పదికి తొమ్మిదిన్నర.
"సగం దొంగతనం సచ్చింది" అంది తవిటమ్మ,
"మిగతా సగానికి ఇంకా పుస్తకం ఉంది."
మిగిలిన ఒక రోజు డబ్బు
నూట నలభై, అప్పులో తిరిగి కట్టేసింది.

రసీదు రాస్తుంటే అడిగింది:
"ఇన్ని మోస్తావు గదా, నీదేదమ్మా?"
సంచిలో వెతికినట్టు నటించాను.

మర్నాడు నాకోసం ఫారం నింపాను.
బమ్మిడి హైమావతి, నెలకి మూడు వందలు.
ఎన్నిసార్లు రాశానో ఆ ఫారం,
నా పేరు దగ్గర స్పెల్లింగు తప్పింది.

కొత్త పుస్తకం తవిటమ్మకి చూపించాను.
చదువు రాకపోయినా
ప్రతి పేజీ తిప్పింది, ఖాళీ పేజీలు కూడా.
తిరిగిచ్చేసరికి
అట్ట మూల మీద ఒక నల్ల మచ్చ.

తుడవలేదు.