తిప్పి చూడు

పదకొండేళ్ళు ఈ ద్వీపంలో రోడ్ల అంచులు కోశాను.
ఆంగ్లెసీ అంతా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా,
ట్రాక్టరు పక్కన చెయ్యి చాచిన బ్లేడుకి
అన్నీ గడ్డే.
రంగున్నది గడ్డికి పట్టిన మరక.

ఎలీనెడ్ చేతికర్ర అడ్డం పెట్టి ఆపిందొక జూన్ ఉదయం.
నలభై ఏళ్ళు బడిపిల్లలకి సూపు వడ్డించిన మనిషి.
"ఇథెల్, ఇప్పుడు కోసినవాటి పేర్లు చెప్పి
ముందుకి కదులు."
డైసీ అన్నాను.
"ఏ డైసీ?" అంది.

అప్పట్నుంచి గురువారాలు ఆమె గోడ మీదే నా టీ.
పువ్వుని ఎదురుగా చూడొద్దంటుంది:
"అది ఫొటోకి పెట్టిన ముఖం.
తిప్పు. మెడ వెనక చూడు."

బటర్‌కప్పులన్నీ ఒక్కలాగే మెరుస్తాయి కదా,
తిప్పితే ఒకదాని రక్షకపత్రాలు
మడిచిన కాలరులా కాడ మీదికి వాలి ఉంటాయి.
ఇంకోటి నేలబారున పాకుతూ
కణుపు కణుపుకీ వేరు దించుతుంది.
మూడోది పొడుగరి, ఎవరి ఆసరా అడగదు.

డాండెలైన్ కాడ బోలు, తుంచితే పాలు.
కాడ చీలి రెండు పూలు పూసిందా,
అది దాని చుట్టం, అది కాదు.
మా వెల్ష్‌లో దాన్ని సింహం పన్ను అంటాం,
పువ్వుని కాదు, ఆకు అంచుని చూసి.
డైసీ మాకు పగటి కన్ను,
ఫాక్స్‌గ్లోవ్ కుక్క వేళ్ళు.
"పేర్లు పెట్టినవాళ్ళకి
నడుంనొప్పి ఉండే ఉంటుంది" అంటుంది ఎలీనెడ్.

రెండు మొక్కలకి ఒకే తెల్ల గొడుగు.
ఒకటి కౌ పార్స్‌లీ.
రెండోదాని కాడ నున్నన, దాని మీద
ద్రాక్షరసం చిందినట్టు ఊదా మచ్చలు.
నలిపితే ఎలుక కంపు.
"హెమ్లాక్. చేతులు కడుక్కో.
రుచి చూసి తెలుసుకున్నవాడు
చెప్పడానికి మళ్ళీ రాలేదు."

మాంట్‌బ్రీషియా పెరటిది.
గోడ దూకి ఎన్నేళ్ళయిందో,
ఈ గట్టు మీద కూడా వరస కట్టే పూస్తుంది,
నారింజరంగు యూనిఫాం నలగకుండా.

మొన్న జూన్‌లో, పెన్‌మోన్ మలుపు,
సున్నపురాయి గట్టు.
బ్లేడుకి జానెడు దూరంలో
గులాబీ రంగు మధ్య తేనెటీగ.
లేవనీ, అని బ్లేడు ఎత్తి ఆగాను.
వెనక పాలవ్యాను హారను. లేవలేదు.
మళ్ళీ హారను.
దిగి, ఉఫ్ అని ఊదాను.
మోకాళ్ళు తడిసేలా కూర్చుని, వేలితో తిప్పాను:
గోధుమరంగు మఖమలు బొజ్జ, చుట్టూ పసుపు గీత.
ఈగ కాదు. కింది రేకు.

ఎలీనెడ్ కళ్ళకిప్పుడు శుక్లాలు.
ఫోను చూపిస్తే పక్కకి నెట్టింది.
"నోటితో చెప్పు. గులాబీవి ఎన్ని?"
"మూడు."
"నడిమధ్యన?"
"సన్నగా ఆకుపచ్చ ఈనె."
అది చూశానని అనేదాకా నాకే తెలీదు.

ఆమె కాసేపు కప్పు అంచు తడుముతూ ఉండిపోయింది.
"బీ ఆర్కిడ్. ఏ ఈగ కోసం ఆ వేషం కట్టిందో
ఆ ఈగ మన వైపు లేదు.
చూసి చూసి, తన పుప్పొడి తానే వంచి
తనలోనే రాల్చుకుంటుంది.
వేషం మాత్రం మానదు."

కౌన్సిల్ కాగితంలో చివరన ఒక గడి ఉంది:
కోయని చోటు, కారణం.
పెన్‌మోన్ మలుపు, పన్నెండు గజాలు, అని రాశాను.
తేనెటీగ కూర్చుని ఉంది.
ఇంకా లేవలేదు.