రెండో వైపు లేని పలక

ఖాజావలి కొట్లో గాజుబల్ల మీద
రెండు పలకలు పెట్టాడు.
ఈ-రీడర్లక్కా అన్నాడు.
మార్కాపురంలో పుట్టినదాన్ని,
రాయి కాకపోయినా నాకు పలకే.

ఒకటి ఒంగోలులో ఇంజనీరింగు చదివే పిల్లాడు అమ్ముకున్నది.
మూల కాస్త చిట్లింది, పక్కన రెండు మీటలు,
నొక్కితే పేజీ తిరుగుతుంది, వేలికి తెలిసేట్టు, టిక్కుమని.
రెండోది కొత్తది, నల్లది, నున్నది,
నీళ్లలో పడ్డా ఏం కాదంట.
"మనూళ్లో నీళ్లెక్కడున్నాయి వలీ, పడటానికి?"
అతను నవ్వి ఐదొందలు తగ్గించాడు.

ముప్పై ఒక్క ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాశాను.
పెట్టెకెన్ని, లారీకెన్ని, విరిగినవెన్ని.
విరిగినవాటి గడే ఎప్పుడూ ఇరుకయ్యేది.
ఇప్పుడు కళ్ల డాక్టరు సన్నక్షరాలు వద్దన్నాడు.
వీటిలో అక్షరాన్ని ఎంత కావాలంటే అంత లావు చేసుకోవచ్చట,
అందుకని వచ్చాను.

"తెలుగు పెట్టి చూపించు."
"ఏం పెట్టేదక్కా?"
బిల్లు కాగితం వెనక నేనే రాసిచ్చాను:
జ్యోత్స్న రాష్ట్రమంతా తిరిగి మర్రిపూడి వచ్చి ఉప్మా వండింది.
కథ కాదు. ఒత్తుల కోసం.

మీటలున్న దాంట్లో జ్యోత్స్న విరిగింది.
త ఒకచోట, స ఒకచోట, న ఇంకోచోట,
పెట్టె విప్పేసరికి పగిలి ఉన్న సరుకులాగా.
రాష్ట్రం మూడు ముక్కలైంది.
ఉప్మా కూడా ఉడకలేదు.
"చదవొచ్చులేక్కా, అలవాటవుద్ది."
అవుద్ది. చెప్పుల్లేకుండా గనిలోకి దిగేవాళ్లకూ
అలవాటే అయింది.

నల్లదాంట్లో జ్యోత్స్న నిండుగా నిలబడింది.
త కింద స, స కింద న,
ఒకదాని భుజం మీద ఒకటి, జారకుండా.
హమ్మయ్య అని పర్సు తీయబోతుంటే
"ఒకటుందక్కా" అని నసిగాడు వలి.

దీని పుస్తకాలు దీని సొంత కొట్లోనే కొనాలంట.
చదివాక ఇంకొకళ్లకి ఇవ్వడం కుదరదంట.
ఆ మీటలది అట్లా కాదు,
ఎవరిచ్చినా తీసుకుంటుంది, ఎవరికైనా ఇస్తుంది,
ఒత్తులు మాత్రం మింగుతుంది.

సాలమ్మ గుర్తొచ్చింది.
చట్రాలకు మేకులు కొట్టే సాలమ్మ.
నేను తెచ్చిన ప్రతి పుస్తకమూ నా తర్వాత తనదే,
ఆపినచోట గోటితో నొక్కి గుర్తు పెట్టుకునేది.
ఆ గోటి గాటు నల్లదాని మీద పడదు.
మీటలదాని మీదా పడదనుకోండి.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒకటే పలక, పలకల ఊళ్లో.
ఈ వైపు నాది, ఆ వైపు చెల్లిది.
దొండాకుతో నాది తుడిచినా దానిది అట్లాగే ఉండేది.
నల్లదాన్ని వెనక్కి తిప్పి చూశాను.
కంపెనీ పేరు, ఒక నంబరు, నునుపు.
రెండో వైపు లేదు.

పేజీ మారేటప్పుడు తెర ఒక్కసారి నల్లబడి తెల్లబడింది.
కళ్లద్దాలు పైకి తోసి చూస్తే
కిందటి పేజీ ఇంకా లీలగా ఉంది,
ఉమ్మి తుడిచిన పలక మీద నిన్నటి ఎక్కంలా.
మీటలదాంట్లోనూ అంతే.
అదొక లోపమని వలి ఒప్పుకోలేదు.
నాకు నచ్చింది అదొక్కటే.

మొత్తానికి నల్లదే తీసుకున్నాను.
పుస్తకం ఇవ్వనీయకపోతే పలకే ఇస్తాను.
పదిహేను రోజులు నా దగ్గర, పదిహేను రోజులు దాని దగ్గర,
ముప్పై ఒకటో తారీఖు సంగతి
తర్వాత తగాదా పడొచ్చు.

పొద్దుగూకే వేళకి తర్లుపాడు రోడ్డు మీద సాలమ్మ ఇంటికి పోయి
చేతిలో పెట్టాను.
తెర వైపు చూడనే లేదు మనిషి.
నాలుగంచులూ బొటనవేలితో తడిమి
"చట్రం లేదేందక్కా దీనికి?" అని
లోపలికి పోయి
సుత్తి వెతుకుతోంది.