గురువారం కుర్చీలు

వాల్‌టాక్స్ రోడ్డులో తెల్లారడమంటే
అరికాలి మీద లాఠీ కొన.
గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు.
తలుపు లేనోడికి అరికాలే తలుపు.
అరవంలో అన్నా తెలుగులో అన్నా
నాకు వినబడేది ఒక్క అక్షరమే: లే.

ఆ అక్షరంలోంచే పుట్టినట్టున్నాయి మిగతావన్నీ.
కార్డు లేదు, అడ్రసు లేదు,
అడగడానికి ఎవరూ లేరు.

వేపేరి సందులో ప్రార్థన మందిరం వెనక
ఒక రేకుల షెడ్డు.
గురువారం గురువారం ముందు టీ, తర్వాత ఒక పాట,
ఆ తర్వాత పేము.
మొదట్లో నేను టీ కోసమే పోయినాను.
అబద్ధమెందుకు, రెండోసారీ టీ కోసమే.

మందిరంలో అరవై కుర్చీలు, తాతల నాటివి.
కూర్చునే చోట చిల్లులు పడి
అటక మీద ఎలుకలకి ఊళ్లయినాయి.
వాటిని దించి, తుడిచి, మా ముందర పెట్టింది కృపావరమ్మ,
రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి.
దేవుడి గురించి తక్కువ మాట్లాడుద్ది,
ముడి గురించి ఎక్కువ.

"పేముని నానబెట్టాలయ్యా పెంచలయ్యా.
ఎండుది వంచితే ఇరుగుద్ది.
ఎక్కువ నానితే కుళ్లుద్ది.
ఎంతసేపో నీ వేలికే తెలియాల."

నా వేళ్లకి ఏం తెలుసు?
హార్బరులో మూటలెత్తిన వేళ్లు,
బొటనవేలికి స్పర్శే పోయింది.
అంజలై వేళ్లు పూలు కట్టినవి,
ఆమె మాట పేము వినేది.

ముందు నిలువు. తర్వాత అడ్డం.
మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ఆఖరికి ఐమూల.
ఐమూల బద్ద పడేదాకా అది వట్టి కిటికీ.
పడినాక మనిషి బరువు మోస్తది.
ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక గురువారం కొత్త బోధకుడు, చిన్నోడు,
పక్షవాతం మనిషి కథ చెప్పినాడు.
ప్రభువు వాణ్ణి లేచి, పడక చుట్టుకుని పొమ్మన్నాడంట.
దేశింగు తాత గొంతెత్తి
"మాకు పోలీసాయన రోజూ అదే చెప్తాడు గదా" అన్నాడు.
షెడ్డంతా నవ్వు.
చిన్నోడి మొహం ఎర్రబడింది, తర్వాత వాడూ నవ్వినాడు.
పుస్తకం మూసి, మా పక్కన నేల మీద చతికిలబడి
నీళ్ల బక్కెట్టులో చెయ్యి పెట్టినాడు.
ఆ రోజు వాడు అల్లింది మొత్తం విప్పాల్సొచ్చింది.

నా మొదటి కుర్చీకి ఏడు గురువారాలు.
లోపల పెడదామని ఎత్తితే
కృపావరమ్మ అడ్డం నిలబడింది.
"అల్లినోడు ముందు కూర్చోవాల. ఇక్కడ అది రూలు."
అప్పుడే పుట్టిన రూలని నాకు తెలుసు.

ఆసుపత్రి బల్లలూ, రేషనాఫీసు గుమ్మాలూ గుర్తొచ్చి
సగం ఒంటితోనే కూర్చున్నాను,
ఎవరన్నా లేపితే లేవడానికి వీలుగా.
పేము కిర్రుమంది. ఆగింది.
ఎవరూ ఏమీ అనలేదు.
అంజలై టీ గ్లాసు చేతికిచ్చింది.
చల్లారేదాకా తాగలేదు.

తుఫాను వారం తర్వాత దేశింగు రాలేదు.
ఆసుపత్రుల్లో అడిగినాం, సెంట్రల్‌లో అడిగినాం.
తండ్రి పేరేందన్నారు. మాకు తెలియదు.
సగం అల్లిన అతని కుర్చీ గోడకి తగిలించి ఉంది,
పెట్టిన చీలలు పెట్టినట్టే.
నిలువు అయింది, అడ్డం అయింది.
పూర్తి చెయ్యమని ఎవరూ అనరు.
బద్దలు పెళుసెక్కకుండా
కృపావరమ్మ వారానికోసారి తడిగుడ్డ కప్పుద్ది.

కుర్చీకి మూడొందలు, నోటు పుస్తకంలో నా పేరు మీద.
గది అద్దెకి అవి చాలవు.
ఇంకా వాల్‌టాక్స్ రోడ్డే, ఇంకా అదే లాఠీ.

నిన్న తెల్లారుజామున లేచి, చాప చుట్టి,
చౌకీలో ఆయన కుర్చీ చూసినాను.
పాత టేకు. నడుమ గుంట.
గుంట మీద అట్టముక్క.

"సార్, అది పేముదే" అన్నాను.
"గురువారం దాకా ఆగండి, అల్లిస్తాను.
కాకపోతే
ముందు నేను కూర్చోవాల.
అది రూలు."