కొంగు కింద లెక్క

గుణుపురంలో మా గోదాముకు ఒక వాసన ఉంది.
చింతపండు, గోనె, కొంచెం చీమలు.
మార్చిలో ఎర్రగా వచ్చిన సరుకు
జూలై తేమకు నల్లబడుతుంది.
వేలితో నొక్కితే తెలుస్తుంది
ఇంకెన్నాళ్ళు ఆగొచ్చో, ఎప్పుడు ఆగకూడదో.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వేలినే నమ్ముకున్నాను.

ఇప్పుడు టుకునా పాఢి కంప్యూటరు నావైపు తిప్పి
"మావుసీ, బికిబె నా రొఖిబె?" అంటున్నాడు.
అమ్మడమా, ఉంచడమా.
తెర మీద పచ్చ అంకె, పందొమ్మిది వందల పన్నెండు.
నొక్కి చూద్దామంటే అద్దం.
వాసన లేదు. పురుగు పట్టదు. నల్లబడదు.

మా ఆయన కొన్నవి ఇవి,
నలభై ఆరు చొప్పున రెండు వందలు,
వంశధార గోదాములోకొచ్చి సగం సరుకు పులిసిపోయిన ఏడు.
"నీళ్ళు తోడే మోటార్ల కంపెనీ" అన్నాడు
మోకాటి బురదలో నిలబడి.
అతను చెప్పిన కారణం అదొక్కటే.
తర్వాత ఒకటికి ఒకటి ఊరికే ఇచ్చారు, నాలుగు వందలయ్యాయి.
అతను లేడు. అవి ఉన్నాయి.

ఏటా ఆగస్టులో ఫోను ఒక్కసారి టింగుమంటుంది.
ఐదు వేల ఆరు వందలు.
ఒక ఏడు అవి నా కింది దవడ పళ్ళు.
ఒక ఏడు గోదాము మీద నాలుగు రేకులు.
ఒక ఏడు ఏమయ్యాయో గుర్తు లేదు,
ఉప్పులో నూనెలో కలిసిపోయుంటాయి.

లెక్క నాకు రాక కాదు.
పెట్టిన తొమ్మిది వేల రెండు వందల మీద చూస్తే
రూపాయికి అరవై పైసలు,
ఏ వడ్డీ వ్యాపారీ కలలో చూడని వడ్డీ.
ఈరోజు ధర మీద చూస్తే
రూపాయికి పైసా కూడా లేదు.
రెండూ నిజమే. రెండూ ఒకే కాగితం మీద
పక్కపక్కన రాసి, మడిచి, జాకెట్లో దోపుకున్నాను.

మా మామగారు పొట్నూరు గున్నయ్య అనేవారు,
"ధర నవ్వినప్పుడు అమ్మేయాల,
పళ్ళు లెక్కపెట్టకూడదు."
ఆయన ఎప్పుడూ చెట్టు కొనలేదు. కాయే.
చెట్లు కొండ మీద సవరలవి.
లక్కియా సబర, బిడ్డకు జ్వరమొస్తే,
మూడు వందలకు తన చెట్టును మా పుస్తకంలో రాయించాడు.
పదకొండు కాపులు మేమే తిన్నాం.
ఏటా తన చెట్టు కాయను తానే కావిడేసుకుని
మా కాటా దాకా తెచ్చేవాడు, మోత కూలికి.
నేను కొత్త కోడలిని. బెల్లం నీళ్ళు ఇచ్చేదాన్ని.
కాటా ముల్లు వైపు అతను ఎప్పుడూ చూడలేదు,
గోనెలో కాయ వైపే చూసేవాడు.

అందుకేనేమో "అమ్మేయ్" అన్న మాట నోట్లో పులుస్తోంది.
మా ఇంట్లో మొదటిసారి కాయ కాదు, చెట్టు ఉంది.
లేదా ఉందనుకుంటున్నాను.
ఏ నగరంలోనో ఎవడో సంతకం చేసి కాపు ఆపేస్తే
ఆ కొండెక్కి అడగడానికి నాకు దారి తెలీదు.

"అవతల కొనేదెవరు?" అన్నాను.
"జొణే కేహి." ఎవరో ఒకరు. నవ్వాడు టుకునా.
సంతలో అలా కాదు.
మగవాళ్ళు తువ్వాలు కింద, నేను కొంగు కింద,
చేతిలో చెయ్యి పెట్టి వేళ్ళతోనే ధర చెప్పుకుంటాం.
ఆ చెయ్యి చెమర్చిందా, తొందరపడుతోందా
మాట కంటే ముందే తెలిసిపోతుంది.
ఈ కొనేవాడి చెయ్యి ఏటి చెబుతుంది?
నాకు తెలియనిది వాడికేం తెలుసు?

స్టేషను వైపు నుంచి పూరీ బండి కూత.
"వంద అమ్ము" అన్నాను.
వందే ఎందుకని అతను అడగలేదు.
అడిగితే చెప్పలేను.

సాయంత్రానికి ఇంకో ఏడు రూపాయలు పెరిగింది.
గోదాములో లైటు వేసి, పాత గోనె ఒకటి విప్పి
వేలితో నొక్కాను.
ఇంకో పది రోజులు ఆగొచ్చు.
కొంగు కింద రెండో చెయ్యి
ఏడును వందతో గుణిస్తోంది.