తోక ఎక్కడ పెట్టుకోవాలో

న్యూకాసిల్ రేవు బయట ఆ శుక్రవారం రాత్రి
పదకొండు బొగ్గు ఓడలు వంతు కోసం నిలబడి ఉన్నాయి.
హంటర్ వీధి చివర పాత సినిమా హాల్లో
సముద్రం చీల్చుకుని లేచింది
ముప్ఫై తాటిచెట్ల పొడవు జపాను మృగం.

నాకు టికెట్టు లేదు.
చీపురుంది, నల్ల సంచీ ఉంది,
ఆట విడిచేదాకా వెనక గోడకు ఆనుకునే హక్కుంది.

బొమ్మ అయిపోయేసరికి బయట వాన.
గొడుగు తేని వాళ్ళంతా
పాప్‌కార్న్ మిషను చుట్టూ చేరి
తీర్పులు మొదలుపెట్టారు.

"జిప్పు కనబడింది," అన్నాడు ఒక కుర్రాడు,
"రెండోసారి వెనక్కి తిరిగినప్పుడు, వీపు మీద!"
దొంగను పట్టిచ్చినంత సంబరం వాడికి.

మెర్విన్ ట్రాంటర్, రేవులో ముప్ఫయ్యేళ్ళు క్రేను తోలినవాడు,
తల అడ్డంగా ఊపాడు.
"జిప్పుదేముంది, బరువేదీ?
అంత కాయం కాలు మోపితే
నీళ్ళు బకెట్లోలాగా చిందవు.
ముందు వెనక్కి పోతాయి.
ఆలోచించుకుంటాయి.
అప్పుడొస్తాయి."

ఊదారంగు కోటు ముసలామె డోరీన్‌కి
కూలిన ఇళ్ళు నచ్చలేదు.
ఎనభై తొమ్మిదిలో, క్రిస్మస్ అయిన మూడోనాడు,
ఈ ఊరి కింద నేల కదిలినప్పుడు
ఆమె రొట్టెల కొట్టులో చిల్లర లెక్కపెడుతోందట.
"దుమ్ము సరిపోలేదు వీళ్ళకి," అంది.
"దుమ్ములో అందరిదీ ఒకటే వయసు.
మా ఓనరు నన్ను అమ్మా అని పిలిచాడు ఆ రోజు."
అయిదుకి రెండు మార్కులు వేసింది.
కాసేపాగి, సముద్రం బాగుంది గదా అని, మూడు చేసింది.

కళ్ళజోడు మాస్టారొకాయన వేళ్ళు మడుస్తూ వచ్చాడు:
మృగమంటే మృగం కాదు, బాంబు;
బాంబంటే బాంబు కాదు, అపరాధం;
అపరాధమంటే...
నాలుగో వేలు దగ్గర ఆగి
పళ్ళ డాక్టరు చిజురు వైపు చూశాడు,
మీరే చెప్పాలి అన్నట్టు.

చిజురు చాలాసేపు ఆలోచించింది.
"కింది వరస పళ్ళు," అంది చివరికి,
"ఎవరో తొందరలో అమర్చారు.
చిన్నప్పుడూ అదే అనిపించేది నాకు."
మాస్టారు వేళ్ళు విప్పేసుకున్నాడు.

మెట్ల మీద కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటున్న పిల్ల
ఎవరినీ ఉద్దేశించకుండా అంది:
"అది ఏదీ కూల్చాలనుకోలేదు.
దానికి తోక ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు."

వాన తగ్గింది. అందరూ వెళ్ళారు.
నన్నెవరూ అడగలేదు. అడిగుంటే

మా నెల్లూరులో పులివేషం కట్టే దస్తగిరి గురించి చెప్పేవాణ్ణి.
ఒళ్ళంతా పసుప్పచ్చ వార్నీషు,
చెమటకి దారి ఉండేది కాదు;
మూడు రాత్రులు పడుకోకుండా, గోడకి ఆనకుండా,
తప్పెట ఆగినప్పుడల్లా బీడీ కోసం నోరు తెరిచేవాడు,
మేము పులి నోరనుకుని పరిగెత్తేవాళ్ళం.
వెనకాల అతని బావమరిది తోక పట్టుకుని నడిచేవాడు.
అతని ముఖం ఎవరికీ గుర్తు లేదు, నాకూ లేదు.

ఈ మృగానికీ ఉండే ఉంటాడు ఒకడు,
తెర పైఅంచుకి అవతల, నిచ్చెన మీద,
సన్నతీగతో తోకను లేపి, దించి,
భుజం నొప్పెడుతున్నా వదలకుండా.

ఇంకొకటి కూడా.
వంతెన విరగడానికి ముందు, ఎడమ పక్క,
అగ్గిపెట్టెంత వరండాలో
దారం మీద మూడు చొక్కాలు ఆరేసున్నాయి.
నాలుగు రాత్రులు ఇదే బొమ్మ చూసి పట్టుకున్నాను.
మరుక్షణంలో నలిగిపోయే ఇంటికి
ఎవరో కూర్చుని చొక్కాలు కుట్టారు,
ఒకదానికి జేబు కూడా పెట్టారు.

నా మార్కులు దానికి.

ఏడో వరసలో పాప్‌కార్న్, ఒక చెవిపోగు,
డోరీన్ వదిలేసిన చేతిరుమాలు.
తలుపు తాళం వేసి రేవు గట్టు మీదుగా నడిచాను.
ఏదో ఓడ కూత వేసింది, వంతు వచ్చినట్టుంది.
మెట్ల దగ్గర నీళ్ళు
కొంచెం వెనక్కి పోయాయి.

ఆగి చూశాను,
ఒక సిగరెట్టు సేపు.